శిశురక్షణము - అన్యదేశ సహకారము

2025వ సంవత్సరము ప్రపంచమందలి పసిబిడ్డలకు శుభవత్సరము కాలేదు. ఆ యేడు జనవరి 20వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షుడు ప్రపంచ ఆరోగ్యసంస్థనుండి తమ దేశము వైదొలగునని ఆజ్ఞ వెలువరించెను. 1961లో స్థాపింపబడి, నాటినుండియు బీదదేశములకు మందులును, ధాన్యమును, ధనమును పంపుచు వచ్చిన యూ.ఎస్. ఎయిడ్ అను సంస్థ జులై 1వ తేదీతో మూతబడెను. ఈ రెంటి నడుమ, జూన్ 25వ తేదీన, బ్రస్సెల్సు నగరమున గావీ యను టీకాల కూటమి చందాలకై సభ జరుపగా, తమ దేశమిక నా కూటమికి ధనమీయదని అమెరికా ఆరోగ్యమంత్రి వర్తమానము పంపెను. 2026 మొదలు అయిదేండ్ల కాలమునకు 1,190 కోట్ల డాలర్లు కావలెనని కోరిన గావీకి ఆ సభలో 900 కోట్లకు కొంచెము పైగా మాత్రమే వాగ్దానములు లభించినవి.

ఈ వార్త మన పత్రికలలో లోపలిపుటలలో నొక మూల పడినది. చదివినవారిలో పెక్కండ్రు ఇది ఆఫ్రికాఖండమువారి గోడనియు, మనకు దీనితో పని లేదనియు తలచియుందురు. అట్లు తలచుట పొరబాటు. ఈ వ్యవహారమున హైదరాబాదు నగరమునకును, తెలుగువారికిని గల సంబంధము మిక్కిలి దగ్గరది. దానిని తెలిసికొనుటకు మొజంజాహీ మార్కెటు దాటి దూరము పోనక్కరలేదు.

గడియారపు గోపురముతో 1935లో వెలసిన ఆ రాతికట్టడము నెరుగని తెలుగువాడు లేడు. ఒకప్పుడు పండ్లబజారుగా వాసికెక్కినది. నేడు ఐస్‌క్రీము దుకాణములకై పట్టణవాసులచట గుమిగూడుదురు. నైజాము మీర్ ఉస్మాన్ అలీఖానుగారి రెండవ కుమారుడగు మొజంజా పేరది. ఆయన భార్య పేరు మరియొక కట్టడమునకున్నది. నాంపల్లి దాటి రెడ్‌హిల్సు వైపు పోయినచో నిలోఫర్ ఆసుపత్రి కనబడును. తురుష్క సుల్తానుల వంశమున జన్మించి, 1931లో ఫ్రాన్సుదేశమందలి నీస్ పట్టణమున మొజంజాను వివాహమాడి యీ నగరమునకు కోడలై వచ్చిన నిలోఫర్ బేగమునకు సంతానము లేదు. 1949లో ఆమె పరిచారిక యొకతె ప్రసవ సమయమున మరణింపగా, అట్టి మరణములిక జరుగరాదని పట్టుబట్టి యామె ఆసుపత్రి నిర్మాణమునకు కారణభూతురాలయ్యెనని చెప్పుదురు. 1953లో అది వెలసెను. నాటినుండి నేటివరకును, పల్లెలలో వైద్యులు చేతులెత్తివేసిన పసికందులను ఒడిలో బెట్టుకొని నాంపల్లి స్టేషనులో దిగు తల్లులు మొజంజా పేరు నెరుగరు గాని, నిలోఫర్ పేరు నెరుగుదురు. ఒట్టోమాను వంశపు ఆడుబిడ్డ తెలుగుబిడ్డల ప్రాణముల కొఱకు తపించినదన్న సంగతి, అన్యదేశ సహకారమను మాటకు మన యింటిముంగిటనే యున్న నిదర్శనము.

శిశుమరణములను లెక్కించుటకు వైద్యశాస్త్రజ్ఞులు వాడు కొలత యొకటి గలదు. వెయ్యిమంది బిడ్డలు సజీవముగా పుట్టినచో, సంవత్సరము నిండకమున్నే చనిపోవువారెందరన్నదే యా కొలత. 1971లో మన దేశమున నిది 129. 2013లో 40. 2023 నాటికి 25. అనగా నొక తరము పెరిగి పెద్దదగునంత కాలమున అయిదింట నాలుగు వంతుల మృత్యువును వెనుకకు త్రోయగలిగితిమి. 2020వ సంవత్సరపు లెక్కలలో తెలంగాణమున 21, ఆంధ్రప్రదేశమున 24, మధ్యప్రదేశమున 43, కేరళమున 6. ఒకే దేశము, ఒకే కేంద్రప్రభుత్వము, ఒకే టీకాల పట్టిక. అయినను మలయాళి తల్లి బిడ్డకును, తెలుగుతల్లి బిడ్డకును ఇంత భేదము. ప్రపంచమంతటను 1990లో అయిదేండ్లు నిండకమునుపే కోటీ ఇరువది లక్షలకు మించి బిడ్డలు చనిపోగా, 2022లో 49 లక్షలమంది చనిపోయిరి. ఆ సంఖ్య యాబది లక్షలకు దిగువకు దిగుట అదియే మొదటిసారి. వీరిలో 23 లక్షలమంది పుట్టిన నెలలోపలనే కన్నుమూసినవారు. నెలలు నిండక పుట్టుట, పుట్టగనే ఊపిరి అందకపోవుట, పురిటిలో విషక్రిములు సోకుట, ఇవి మొదటినెల శత్రువులు. అటుపిమ్మట న్యుమోనియా, విరేచనములు, మలేరియా.

ఈ తగ్గుదల ఏ యొక్క దేశముయొక్క ప్రజ్ఞ వలనను కలుగలేదు. గర్భిణులకు మన ఆరోగ్యకేంద్రములలో నిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము బిళ్ల సంగతి చూడుడు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భవతులగు మిల్లుకూలీల రక్తహీనతను పరీక్షించి, ఈస్టు రసములోనున్న యేదో పదార్థము దానిని నయము చేయుచున్నదని కనుగొనెను. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లము. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అంతకుముందు వెన్నెముక లోపముతో బిడ్డను కన్న తల్లులు గర్భధారణకు ముందునుండియే దీనిని పుచ్చుకొన్నచో ఆ లోపము మరల కలుగుట నూటికి 72 పాళ్లు తగ్గునని 1991లో బ్రిటిషు వైద్యపరిశోధనామండలివారు పలు దేశములలో జరిపిన పరీక్ష తేల్చినది. ప్రశ్న బొంబాయి కూలీలది, అడిగినది ఆంగ్లస్త్రీ, ఉత్తరము చేకూర్చినది అమెరికాలోని తెలుగువాడు. ఇందెవరు దాతలు, ఎవరు యాచకులు?

విరేచనములకు వాడు ఉప్పు, చక్కెర నీటి కథయు నిట్టిదే. ఢాకాలోను కలకత్తాలోను అమెరికా, బెంగాలు వైద్యులు కలరా రోగులపై జరిపిన పరిశోధనలవలన దాని శాస్త్రము తెలిసినది. 1971లో తూర్పు బెంగాలునుండి పారివచ్చిన కాందిశీకులు బన్‌గాఁవ్ శిబిరమున కలరాతో రాలిపోవుచుండ, సూదిమందు నీరు నిండుకొన్నప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఆ నీటిని డ్రమ్ములలో కలిపి తల్లుల చేతికే యిచ్చెను. నూటికి ముప్పదిమందివరకు చనిపోవుచున్న చోట ఆ సంఖ్య నాలుగుకు లోపడినది. నేడు మన ఆశా కార్యకర్త చేతిసంచిలోనున్న పొట్లము అదియే. క్షయనివారణకు పుట్టిన బిడ్డ భుజమున వేయు బి.సి.జి. టీకా సైతము 1948లో స్కాండినేవియా దేశములవారి సాయముతో మన దేశమున ప్రయోగార్థము మొదలైనప్పుడు, మొదటి తావులలో మన మదనపల్లె యొకటి.

ఇప్పుడు రోటా వైరసు టీకా సంగతికి వత్తుము. ఇది కొంత విపులముగా చెప్పదగినది. పసిబిడ్డలకు ప్రాణాంతకములగు విరేచనములను కలిగించు క్రిములలో రోటా వైరసు ముఖ్యమైనది. ధనికుల బిడ్డకును, పేదల బిడ్డకును ఇది సోకకమానదు. కాని ధనికుల బిడ్డ ఆసుపత్రి చేరును, పేదబిడ్డ దారిలో పోవును. 1985 ప్రాంతమున ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో పుట్టిన కొందరు శిశువుల దేహములందీ వైరసు కనబడినను వారికి విరేచనములు లేవు. వారిని వెంబడించి చూచిన డాక్టరు మహరాజ్ కిషన్ భాన్, ఈ బిడ్డలకు ఆ తరువాత తీవ్రరోగము రాకుండుట గమనించెను. పుట్టుకతోనే సోకిన యీ సాత్విక వైరసు, రాబోవు క్రూర వైరసునకు కవచమైనది. దానికి 116 ఇ యని పేరిడిరి. 1987లో భారత, అమెరికా ప్రభుత్వముల నడుమ టీకాల పరిశోధనకై ఒడంబడిక కుదిరెను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవారు వైరసును శుద్ధిచేసి సిద్ధపరచిరి. టీకాగా తయారుచేయు పని హైదరాబాదులోని భారత్ బయోటెక్ కంపెనీకి దక్కినది. భారత ప్రభుత్వపు బయోటెక్నాలజీ శాఖ, గేట్సు దంపతుల ధర్మనిధి, పాత్ అను అమెరికా సంస్థ, నార్వే పరిశోధనామండలి, బ్రిటిషు ప్రభుత్వము తలకొక చేయి వేసినవి. ఢిల్లీ, పూనా, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై పరీక్ష జరిగెను. 2014లో అనుమతి లభించినది. 2015 మార్చి 9న టీకా దేశమునకు వెల్లడియైనది. 2016లో ప్రభుత్వ టీకాల పట్టికలో దీనిని మొదట చేర్చుకొన్న నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని పరదేశములకును కొనదగినదిగా అంగీకరించెను.

ఈ టీకా విషయమున విమర్శ లేకపోలేదు. నూటికి ఏబదిచిల్లర మాత్రమే ఫలమిచ్చు మందునకు ఇంత ఆర్భాటమేల యని కొందరందురు. తీవ్రరోగమును మొదటి యేట నూటికి 56 పాళ్లు తగ్గించినదన్న మాట నిజము. ధనికదేశములలో పరదేశపు టీకాలు ఇంతకంటె మిక్కుటముగా పనిచేసినవన్న మాటయు నిజమే. కాని యా పరదేశపు టీకాలనే బీదదేశములకు తెచ్చి వేసినప్పుడు వాని బలమును సగమునకు పడిపోయినది. పోషణలోపము, కలుషితజలము, క్రిములమయమైన ప్రేగులు, ఇట్టిచోట ఏ టీకాయు సంపూర్ణముగా పనిచేయదు. పదిమంది చనిపోవు ఊరిలో సగమును నివారించుట, ఎవరును చనిపోని ఊరిలో అంతటిని నివారించుటకంటె ఘనకార్యమని వేరుగ చెప్పవలెనా? మరియొక విశేషము, వెల. మోతాదు ఒక డాలరునకు మించకుండ ఇత్తుమని తయారీదారులు ముందుగనే మాటయిచ్చిరి. అంతకుమునుపు పరదేశపు టీకాలు మన మధ్యతరగతివారికే అందనివి. ఇదే నగరమున 1997లో శాంతా బయోటెక్నిక్సు వారు హెపటైటిస్-బి టీకాను అగ్గువకు తెచ్చినప్పుడును, వరప్రసాదరెడ్డిగారికి ధనసాయము చేసినవాడు ఓమాను దేశపు విదేశాంగమంత్రియే. మన బ్యాంకులు మొగము చాటుచేసిన వేళ ఎడారిదేశపువాడు నమ్మెను!

అయితే పరదేశమునుండి వచ్చు ప్రతి చేయియు అభయహస్తము కాదు. ఆ సంగతి తెలుగువారు మరువరాదు. 2009లో, పైని చెప్పిన పాత్ సంస్థయే, ఖమ్మము జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు టీకాను పరీక్షార్థము వేయించెను. తలిదండ్రుల సమ్మతికి మారుగా పెక్కుచోట్ల ఆశ్రమపాఠశాలల వార్డెనులు సంతకములు చేసిరి. కొందరు బాలికలు చనిపోగా, ఆ మరణములకు టీకాతో సంబంధము కన్పట్టదని విచారణసంఘము చెప్పినది. అయినను సమ్మతి తీసికొన్న పద్ధతి మాత్రము ఎవ్వరును సమర్థింపజాలనిదైనది. 2010 ఏప్రిలులో ఆ పని నిలిపివేయబడెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా గర్హించెను. ఒకే సంస్థ, ఒకచోట మనకు సహకారి, మరియొకచోట మన గిరిజనుల యెడ నిర్లక్ష్యురాలు. భేదమెచట నున్నదో విచారింపవలెను. రోటా టీకా విషయమున ప్రశ్న మనది, శాస్త్రజ్ఞులు మనవారు, కర్మాగారము మనది, పగ్గము మన చేతనుండెను. ఖమ్మమున మనము కేవలము భుజము చాచితిమి. అచట తప్పు పరదేశీయులదే కాదు, తలయూపిన మన అధికారులదియు కలదు.

పాలపొడి డబ్బాల వర్తకమును గూడ ఈ సందర్భమున తలపవలెను. తల్లిపాలకు బదులుగా డబ్బాపాలను బీదదేశములలో ప్రచారము చేయుట తగదని ప్రపంచ ఆరోగ్యసభ 1981లో నియమావళి చేసినప్పుడు 118 దేశములు అనుకూలముగా ఓటు వేయగా, ప్రతికూలముగా వేసినది అమెరికా యొక్కటియే. కాబట్టి 2025లో జరిగినది విని మరీ ఆశ్చర్యపోనక్కరలేదు. ఆ నియమావళిని అనుసరించి మన పార్లమెంటు 1992లో చట్టము చేసినది. డబ్బాపాల ప్రకటనలు మన దేశమున నిషిద్ధములు.

ఇక మనమేమి చేయవలెను? మొదటిది ప్రభుత్వము చేయదగినది. గావీ కూటమి ధనముతో బీదదేశములకు టీకాలు కొనుచున్నది. ఆ టీకాలలో గణనీయభాగము మన దేశపు కర్మాగారములనుండి, అందును హైదరాబాదు చేరువనున్నవానినుండి పోవుచున్నవి. ఆ ధనము తగ్గినచో అచట బిడ్డలకు టీకా తప్పును, ఇచట పనివారికి కూలి తప్పును. ఒకప్పుడు సాయము పుచ్చుకొన్న భారతదేశము 2020 జూనులో గావీకి 1 కోటి 50 లక్షల డాలర్లు ఇత్తుమని ప్రకటించినది. పుచ్చుకొన్నచేయి ఇచ్చు చేయియగుట మాకు సంతోషకరమే. కాని అమెరికా వదలిన ఖాళీని తలచినచో అది పిడికెడు. ఇంతకు పలురెట్లు ఇచ్చుట దేశమునకు భారము కాదు, మన కర్మాగారములకు లాభముగూడ నని మా నిశ్చితాభిప్రాయము.

బీదదేశములు పరస్పరము నేర్చుకొనుట రెండవది. కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో యంత్రములు చాలక, బరువు తక్కువ శిశువును తల్లి రొమ్మునకు చర్మము చర్మమునకు తగులునట్లు కట్టియుంచు పద్ధతి మొదలాయెను. కంగారూ పద్ధతియని దీనికి పేరు. ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా, భారతదేశములలో ప్రపంచ ఆరోగ్యసంస్థ జరిపించిన పరీక్షలో, పుట్టిన వెంటనే యీ పద్ధతి నారంభించినచో మరణములు నాలుగవవంతు తగ్గునని 2021లో తేలినది. దీనికి ఖర్చేమి? ఒక అంగవస్త్రము. మన పొరుగుననున్న గడ్చిరోలి జిల్లాలో, అనగా తెలుగువారు నివసించు సిరొంచా గల జిల్లాలో, అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 పల్లెలలో సామాన్యస్త్రీలకు శిశుసంరక్షణ నేర్పి, మొదటినెల మరణములను మూడవయేటికి నూటికి 62 పాళ్లు తగ్గించిరి. 1999లో ఆ ఫలితము వెలువడగా ప్రపంచమంతయు దానిని చూచి నేర్చుకొన్నది. గోదావరి కీవలనున్న మనము గోదావరి కావలనుండి నేర్చుకొనుటకు జెనీవా చుట్టిరానక్కరలేదు గదా.

మూడవది మన యింటి సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమునుబట్టి తెలంగాణమున నూటికి 97 ప్రసవములు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. వినుటకు బాగుగనే యున్నది. కాని ఆ ప్రసవములలో నూటికి 60కి మించి కత్తికోతలు. దేశమునందెల్ల నిది ప్రథమస్థానము. పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన బిడ్డలు నూటికి 37 మంది మాత్రమే. ఇది దేశపు సగటుకంటె తక్కువ. అనగా బిడ్డను ఆసుపత్రికి తెచ్చితిమి గాని తల్లి రొమ్మునకు చేర్చలేకపోతిమి. కోతకు ముహూర్తములు పెట్టించు పట్టణవాసులును, బిల్లు పెంచు ప్రయివేటు ఆసుపత్రులును ఇందు సమాన భాగస్వాములు. ముర్రుపాలు పనికిరావని పిండి పారబోయించు ముసలమ్మలను గేలిచేయు విద్యావంతులు, కోత మత్తులోనున్న తల్లి చెంతకు బిడ్డను గంటలోపల చేర్చుమని నర్సును అడిగినవారెందరు?

పల్లెలలోని భూస్వాములకును ఒక మాట. ఇరువది, ఇరువదినాలుగేండ్ల నడుమనున్న స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహమైనవారు, అదే పరిశీలనమునుబట్టి, ఆంధ్రప్రదేశమున నూటికి 29 మంది, తెలంగాణమున 23 మంది. గర్భిణులలో సగముకంటె హెచ్చుమంది రక్తహీనులు. వీరిలో పెక్కండ్రు మీ పొలములలో నాట్లు వేయుచు, కలుపు తీయుచు నుండువారే. ఎనిమిదవ నెలలో నడుము వంచి బురదలో నిలుచుదానికి ఏ దేశపు టీకాయు తోడు రాదు. నెలలు నిండువరకు గర్భిణులను నాట్లకు పిలువకుండుట, కూలి పోగొట్టుకొన్నదానికి గింజలైన కొలుచుట, ఉపకేంద్రమున నర్సు ఉద్యోగము ఖాళీగా నున్నచో జిల్లా అధికారిని నిలదీయుట, టీకాలనుంచు శీతలపెట్టెకు కరెంటు నిలువకుండ చూచుట, ఇవి బ్రస్సెల్సు సభకు పోకయే చేయదగినవి.

మా యూర నెందరు పుట్టిరి, ఎందరు ఏడాది దాటిరి యను లెక్కను ప్రతి పంచాయతీ గోడపైనను ఏటేట వ్రాయింపవలెనని శాసనసభ్యులను మేము కోరుచున్నాము. పన్ను బకాయీల పట్టిక వ్రేలాడదీయు గోడపై దానికి చోటు లేకపోదు. రాబోవు గ్రామసభలలో పాఠకులు ఈ ప్రశ్నను లేవదీసి, వచ్చిన సమాధానమును మాకు తెలిపినచో ప్రకటింపగలము.